34 రాష్ట్రాలు అడిగితే అమెరికా రాజ్యాంగాన్ని తిరగరాసేస్తారా?

మీరు అడిగింది ఇదీ: ఒహాయోలో ఉంటున్నారు, ఈమధ్యే పౌరసత్వం వచ్చింది. శనివారం పొద్దున ఒక పెద్దాయన తలుపు తట్టి, కాగితం చూపించి సంతకం పెట్టమన్నాడు. "34 రాష్ట్రాలు అడిగితే చాలు, వాషింగ్టన్‌తో పని లేకుండా రాజ్యాంగాన్ని మనమే మార్చుకోవచ్చు" అన్నాడు. అదే రోజు మీ వాట్సాప్ గ్రూపులో ఇంకొకాయన "అదే గనక జరిగితే మన పిల్లలకు పుట్టుకతో వచ్చిన పౌరసత్వం గోవిందా" అని పెట్టాడు. ఈ ఇద్దరిలో ఎవరి మాట నిజం అన్నది మీ ప్రశ్న.

ఇద్దరూ చెరో సగం చెప్పారు. 34 అనే అంకె నిజమే. కానీ ఆ 34ను ఎవరు లెక్కపెట్టాలో, ఎలా లెక్కపెట్టాలో రాజ్యాంగంలో రాయలేదు, తర్వాత కూడా ఎవరూ తేల్చలేదు. పౌరసత్వం సంగతికొస్తే, 34కు తర్వాత 38 అనే ఇంకో అంకె ఉంది. దాన్ని మీ గ్రూపులో ఆయన మర్చిపోయాడు.

నా గురించి ఒక్క మాట చెప్పి మొదలుపెడతాను. ఇక్కడే ఒక రాష్ట్ర శాసనసభలో బిల్లుల ముసాయిదా రాసే విభాగంలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. మీకు ఆ పెద్దాయన చెప్పిన తరహా తీర్మానాలు రెండు పార్టీల వాళ్లకూ రాసిపెట్టాను. అందులో ఏది గెలవాలన్నది మా పని కాదు, వాక్యం నిలబడుతుందా లేదా అన్నదే మా పని. అందుకే కింద రాసేదాంట్లో రాజకీయం కంటే వాక్యాల గొడవే ఎక్కువ కనిపిస్తుంది, ఓపిక పట్టండి. ఇంకోటి, కాంగ్రెస్ అన్నప్పుడల్లా మన ఊరి కాంగ్రెస్ పార్టీ గుర్తొస్తే నా తప్పు కాదు. ఇక్కడ కాంగ్రెస్ అంటే పార్లమెంటు, ప్రతినిధుల సభా సెనేటూ కలిపి.

అమెరికా రాజ్యాంగం ఐదో అధికరణం మొత్తం ఒకే ఒక్క పొడుగాటి వాక్యం. అందులో సవరణను ప్రతిపాదించడానికి రెండు దారులున్నాయి. కాంగ్రెస్ రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల మెజారిటీతో ప్రతిపాదించడం ఒకటి. మూడింట రెండొంతుల రాష్ట్రాల శాసనసభలు దరఖాస్తు చేస్తే, సవరణలు ప్రతిపాదించడానికి కాంగ్రెస్ ఒక కన్వెన్షన్‌ను, అంటే ఆ పనికోసమే కూర్చునే ప్రత్యేక ప్రతినిధుల సమావేశాన్ని, పిలవడం రెండోది. 50 రాష్ట్రాల్లో మూడింట రెండొంతులంటే 34. ఏ దారిన వచ్చిన సవరణైనా నాలుగింట మూడొంతుల రాష్ట్రాలు, అంటే 38, ఆమోదిస్తేనే రాజ్యాంగంలోకి ఎక్కుతుంది. ఇప్పటిదాకా 27 సవరణలు ఎక్కాయి. ఇరవయ్యేడూ మొదటి దారిలో వచ్చినవే. రెండో దారిలో ఇంతవరకూ ఒక్క కన్వెన్షన్ కూడా జరగలేదు.

నడవని దారిని ఎందుకు పెట్టారంటే, 1787 సెప్టెంబరు 15 దగ్గరికి వెళ్లాలి. ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసే పని దాదాపు ముగిసింది, ఇంకో రెండు రోజుల్లో సంతకాలు. ఎండాకాలమంతా మూసిన గదిలో కూర్చుని అందరూ అలిసిపోయి ఉన్నారు. అప్పటి ముసాయిదాలో రాష్ట్రాలు అడిగినా, సవరణను ప్రతిపాదించే పని మాత్రం కాంగ్రెస్ చేతిలోనే ఉంది. వర్జీనియా ప్రతినిధి జార్జ్ మేసన్ లేచి, రేపు కాంగ్రెస్సే జనాన్ని అణచడం మొదలుపెడితే, దాన్ని అదుపు చేసే సవరణను అదే కాంగ్రెస్ ఎందుకు పెడుతుంది అని నిలదీశాడు. దొంగ చేతికే తాళం ఇస్తున్నారన్నమాట. వెంటనే గవర్నర్ మోరిస్, ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ ఈ కన్వెన్షన్ మాటను చేర్చాలని ప్రతిపాదించారు, సభ ఒప్పుకుంది. (ఈ గవర్నర్ పదవి కాదు, ఆయన పేరే అది.) జేమ్స్ మాడిసన్ అడ్డుపడలేదు గానీ, కన్వెన్షన్ ఎలా జరగాలి, కోరం ఎంత లాంటివి తర్వాత తలనొప్పి అవుతాయని అక్కడే అన్నాడు. ఆ తలనొప్పికి మందు మాత్రం ఆ రోజు ఎవరూ రాయలేదు. రెండు రోజుల్లో సంతకాలు పెట్టేసి ఇళ్లకు వెళ్లిపోయారు. ముసాయిదా పని చేసినవాడిగా చెబుతున్నాను, చివరి పూట చేర్చిన వాక్యాలన్నీ ఇలాగే ఉంటాయి.

ఆ వాక్యంలో ఒక్క పదం మాత్రం గట్టిది. 34 రాష్ట్రాలు అడిగితే కాంగ్రెస్ కన్వెన్షన్‌ను "పిలవాలి". ఇంగ్లిషులో "షల్" అనే ఉంది, "మే" అని లేదు. రాజ్యాంగాన్ని జనానికి వివరిస్తూ రాసిన ఫెడరలిస్ట్ వ్యాసాల్లో చివరిదైన 85వ దాంట్లో అలెగ్జాండర్ హామిల్టన్ దీన్నే నొక్కి చెప్పాడు: ఇందులో కాంగ్రెస్ ఇష్టాయిష్టాలకు చోటే లేదని. మనవాళ్లకు ఈ తేడా చప్పున తెలియాలంటే ఆంధ్రప్రదేశ్ శాసనమండలి కథ చాలు. మన 169వ అధికరణం ప్రకారం మండలిని రద్దు చేయాలని శాసనసభ తీర్మానిస్తే పార్లమెంటు చట్టం "చేయవచ్చు". 2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ రద్దు తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. ఢిల్లీ కదల్లేదు. 2021 నవంబరులో అదే శాసనసభ ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. మండలి ఎక్కడిదక్కడే ఉంది. అమెరికాలో "చేయవచ్చు" బదులు "చేయాలి" అని ఉండటంతో ఢిల్లీలా ఊరుకునే వీలు కాగితం మీదైనా లేదు. కానీ వెనక్కి తీసుకోవడం అన్న రెండో ముక్క గుర్తుపెట్టుకోండి, దాని దగ్గరికే వస్తున్నాను.

ముందు మీ తలుపు దగ్గరి సంతకం సంగతి. ఐదో అధికరణంలో దరఖాస్తు చేసేది శాసనసభ, ఓటర్లు కాదు. మీరు పెట్టిన సంతకం చట్టం దృష్టిలో దేనికీ లెక్క కాదు. మీ ప్రతినిధికి "మీ నియోజకవర్గంలో ఇంతమంది అడుగుతున్నారు" అని చూపించుకోవడానికి పనికొస్తుంది, అంతే. 1984లో కాలిఫోర్నియాలో కొందరు ఇంకో అడుగు వేశారు. బడ్జెట్ లోటు లేకుండా ఉండాలన్న సవరణ కోసం శాసనసభ దరఖాస్తు చేసి తీరాలని, చేయకపోతే సభ్యుల జీతాలు ఆపాలని ప్రజల ఓటుకు పెట్టబోయారు. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఆ అంశాన్ని బ్యాలెట్ మీంచే తీయించేసింది. శాసనసభ స్వతంత్రంగా ఆలోచించి తీర్మానించాలి, జనం మెడ మీద కత్తి పెట్టి రాయించడం కుదరదన్నది తీర్పు సారం. అదే ఏడాది మోంటానాలోనూ అదే జరిగింది.

మరి శాసనసభ ఎలా అడుగుతుంది? ఈ భాగం నాకు అరచేతిలో గీతలంత తెలుసు. ఒక సభ్యుడు వచ్చి తీర్మానం కావాలంటాడు. చాలాసార్లు చేతిలో ఏదో సంస్థ తయారుచేసి ఇచ్చిన నమూనా ఉంటుంది, అదే నమూనా పాతిక రాష్ట్రాల్లో తిరుగుతుంటుంది. మేం దాన్ని మా సభ పద్ధతికి తగ్గట్టు సర్దుతాం. తర్వాత కమిటీ విచారణ, ఆ తర్వాత రెండు సభల్లో ఓటు. ఒక్క నెబ్రాస్కాలోనే ఒకే సభ. గవర్నర్ సంతకం అక్కర్లేదు. అధ్యక్షుడికైతే ఈ వ్యవహారంలో ఏ దశలోనూ పని లేదు. కాంగ్రెస్ ప్రతిపాదించే సవరణలకే అధ్యక్షుడి సంతకం అక్కర్లేదని సుప్రీంకోర్టు 1798లోనే తేల్చేసింది. తీర్మానం పాసయ్యాక ధ్రువీకరించిన ప్రతులు ప్రతినిధుల సభకూ సెనేట్‌కూ వెళ్తాయి. సెనేట్‌లో వాటికి ఒక నంబరు వేసి, కాంగ్రెషనల్ రికార్డులో అర్జీల కింద అచ్చు వేస్తారు. పోస్టాఫీసుకు ఫలానా వాళ్ల పేరు పెట్టాలన్న తీర్మానమూ, దేశ రాజ్యాంగాన్ని మార్చే కన్వెన్షన్ కావాలన్న దరఖాస్తూ ఒకే కట్టలోకి పోతాయి. మొదటిసారి చూసినప్పుడు నేను నమ్మలేదు.

ఆ కట్టల్ని లెక్కపెట్టే అధికారి ఎవరూ లేరు. సవరణను రాష్ట్రాలు ఆమోదిస్తే ఆ కాగితాలు చూసుకోవడానికి నేషనల్ ఆర్కైవ్స్‌లో ఒక యంత్రాంగం ఉంది, చట్టం ఉంది. కన్వెన్షన్ దరఖాస్తులకు అలాంటిదేమీ లేదు. 2015 నుంచి ప్రతినిధుల సభ నియమాల్లో చిన్న మార్పు తెచ్చి, న్యాయ వ్యవహారాల కమిటీ ఛైర్మన్ గుర్తించిన దరఖాస్తులను సభ క్లర్క్ తన వెబ్‌సైట్‌లో పెడుతున్నాడు. పెట్టడమే, లెక్కేయడం కాదు.

లెక్కేయాలంటే ఎదురయ్యే చిక్కులు చూడండి. ఒహాయో బడ్జెట్ కోసం అడిగి, కాలిఫోర్నియా తుపాకుల కోసం అడిగితే రెండూ కలిపి రెండా, లేక చెరొకటా? ఎక్కువమంది పండితులు విషయం ఒకటైతేనే కలపాలంటారు. సరే, విషయం ఒకటే, మాటలు వేరైతే? "బడ్జెట్ లోటు ఉండకూడదు" అన్నదీ, "యుద్ధం వస్తే తప్ప లోటు ఉండకూడదు" అన్నదీ ఒకే దరఖాస్తా? 1979లో అడిగిన రాష్ట్రం ఇవాళ్టికీ అడుగుతున్నట్టేనా? అప్పటి సభ్యుల్లో సగంమంది కాలం చేసి ఉంటారు. అడిగిన రాష్ట్రం తర్వాత వద్దంటే అది చెల్లుతుందా? వీటిలో ఒక్కదానికీ రాజ్యాంగంలో జవాబు లేదు, సుప్రీంకోర్టు తీర్పూ లేదు.

పాతబడటం గురించి రెండు వైపులా ఉదాహరణలున్నాయి. 1921లో సుప్రీంకోర్టు, రాష్ట్రాల ఆమోదాలు దాదాపు ఒకే కాలంలో రావాలి అన్న ధోరణిలో మాట్లాడింది. 1939కి వచ్చేసరికి, ఎంత కాలమన్నది కాంగ్రెస్ తేల్చుకోవాల్సిన రాజకీయ ప్రశ్న అని చేతులు దులుపుకుంది. ఆ తర్వాత 27వ సవరణ కథ నడిచింది. కాంగ్రెస్ సభ్యుల జీతం పెంపు తర్వాతి ఎన్నికలయ్యేదాకా అమలు కాకూడదన్న ఆ సవరణను 1789లో ప్రతిపాదించారు. అది అలా పడి ఉంది. 1982లో టెక్సస్ విశ్వవిద్యాలయం విద్యార్థి గ్రెగరీ వాట్సన్, ఇది ఇప్పటికీ బతికే ఉందని తరగతికి వ్యాసం రాస్తే టీచరు సి గ్రేడు ఇచ్చింది. ఆ పట్టుదలతో అతను రాష్ట్రాలన్నిటికీ ఉత్తరాలు రాసి, 1992లో దాన్ని నెగ్గించాడు. దాదాపు 203 ఏళ్లు పట్టింది. 2017లో విశ్వవిద్యాలయం అతని గ్రేడును ఎ చేసింది. 203 ఏళ్ల ప్రతిపాదన చెల్లితే 45 ఏళ్ల దరఖాస్తు ఎందుకు చెల్లదు అని కన్వెన్షన్ కోరేవాళ్లు అడుగుతారు. సమాధానం చెప్పడం అంత సులువేం కాదు.

వెనక్కి తీసుకోవడం అంతకంటే పెద్ద పేచీ. 14వ సవరణను ఆమోదించి, తర్వాత వద్దన్న ఒహాయో, న్యూజెర్సీలను 1868లో కాంగ్రెస్ ఆమోదించినట్టే లెక్కేసింది. అయితే అది ఆమోదం, దరఖాస్తు కాదు. దరఖాస్తును వెనక్కి తీసుకోవచ్చన్నదే ఎక్కువమంది అభిప్రాయం, నా అభిప్రాయమూ అదే. ఆమోదం అంటే తాళి కట్టడం, దరఖాస్తు అంటే సంబంధం అడగడం. అడిగినంత మాత్రాన పెళ్లయిపోదు.

బడ్జెట్ లోటు వద్దన్న సవరణ కోసం నడిచిన ఉద్యమం చరిత్ర చూస్తే మన కప్పల తక్కెడే గుర్తొస్తుంది. 1970ల మధ్యలో మొదలై 1983కల్లా 32 రాష్ట్రాలు అడిగేశాయి. ఇంకో రెండు చాలు. అక్కడ ఆగింది. 1988 నుంచి ఒక్కొక్క రాష్ట్రం కిందికి దూకడం మొదలుపెట్టింది. 2010 తర్వాత మళ్లీ కొన్ని ఎక్కాయి, ఒహాయో 2013లో అడిగింది. ఈలోపు ఇంకోవైపు డెలావేర్ 2016లో, మేరీలాండ్, నెవాడా, న్యూమెక్సికో 2017లో పాతవన్నీ రద్దు చేసుకున్నాయి. తూకం ఎప్పుడూ 34 దగ్గరికి రాదు, వచ్చిందా లేదా అన్నది ఎవరి తక్కెడతో తూచారన్నదాన్ని బట్టి ఉంటుంది. 2022లో టెక్సస్ ప్రతినిధి జోడీ అరింగ్టన్, ఇవన్నీ సరిగ్గా లెక్కేస్తే 34 ఎప్పుడో అయిపోయాయి, కాంగ్రెస్ ఇప్పుడే కన్వెన్షన్ పిలవాలని తీర్మానం పెట్టాడు. ఇలా 34 తేల్చే లెక్కల్లో, విషయమేమీ చెప్పకుండా "కన్వెన్షన్ కావాలి" అన్న ఎప్పటివో పాత దరఖాస్తులనూ కలుపుతారు. న్యూయార్క్ 1789లో పెట్టినది అలాంటిదే. జార్జ్ వాషింగ్టన్ అధ్యక్షుడు కాకముందు పెట్టిన అర్జీని ఇవాళ్టి బడ్జెట్ లెక్కలో వేయడం నాకు మింగుడుపడదు. కానీ అది తప్పని చూపించే వాక్యం రాజ్యాంగంలో చూపించమంటే నా దగ్గరా లేదు.

మీ దగ్గరికి వచ్చినాయన బహుశా "కన్వెన్షన్ ఆఫ్ స్టేట్స్" ఉద్యమం మనిషి అయి ఉంటాడు. కేంద్రం ఖర్చుకు కళ్లెం, కేంద్రం అధికారాలకు హద్దులు, అధికారుల, కాంగ్రెస్ సభ్యుల పదవీకాలానికి పరిమితి అన్న మూడు విషయాల మీద వాళ్ల దరఖాస్తు. 2014లో జార్జియాతో మొదలై 2022 మార్చిలో దక్షిణ కెరొలినాతో 19 రాష్ట్రాలకు చేరింది. ఇది కన్జర్వేటివ్‌ల ఆటేనని అనుకోకండి. ఎన్నికల్లో డబ్బు ప్రవాహాన్ని ఆపాలని ఉదారవాదుల వైపు నుంచి వుల్ఫ్‌ప్యాక్ అనే సంస్థ 2014లో వెర్మాంట్‌తో, కాలిఫోర్నియాతో దరఖాస్తులు పెట్టించింది. 2023లో కాలిఫోర్నియా గవర్నర్ గావిన్ న్యూసమ్ తుపాకుల నియంత్రణకు కన్వెన్షన్ కావాలన్నాడు, శాసనసభ తీర్మానమూ చేసింది. నా ఆఫీసులో ఒకే వారంలో ఎదురెదురు పార్టీల వాళ్లు వచ్చి, ఒకరి తీర్మానాన్ని "దేశానికి ప్రమాదం" అని తిట్టి, దాదాపు అదే మాటలతో తమ తీర్మానం రాయించుకుపోయిన సందర్భాలున్నాయి.

ఇక కన్వెన్షన్ నిజంగా కూర్చుంటే ఏమవుతుంది? ఎంతమంది వస్తారు, ఎవరు ఎన్నుకుంటారు, రాష్ట్రానికి ఒక్క ఓటా, జనాభాను బట్టి ఓట్లా? ఇవేవీ ఎక్కడా రాసి లేవు. పూర్వం జరిగిన రాష్ట్రాల సమావేశాల ఆనవాయితీ ప్రకారం రాష్ట్రానికి ఒక్క ఓటే అని కన్వెన్షన్ కోరేవాళ్లు అంటారు. అలాగైతే వయోమింగ్, కాలిఫోర్నియా సమానం అవుతాయి, కాలిఫోర్నియా ఊరుకుంటుందా? నార్త్ కెరొలినా సెనేటర్ శామ్ ఎర్విన్, ఇదంతా ముందే తేల్చుకుందామని ఒక చట్టం తయారుచేశాడు. 1971లో సెనేట్ 84-0తో పాస్ చేసింది, 1973లో మళ్లీ చేసింది. ప్రతినిధుల సభ రెండుసార్లూ పక్కన పడేసింది. ఆ చట్టం ఉంటే దారి సులువవుతుంది, దారి సులువైతే రాష్ట్రాలు నడుస్తాయి. అధికారం ఉన్నవాడు తనను దించే మెట్లను తానే ఎందుకు కడతాడు? మేసన్ 1787లో అడిగింది సరిగ్గా ఇదే కదా.

అందరూ భయపడేది "అదుపు తప్పిన కన్వెన్షన్" గురించి. బడ్జెట్ కోసం కూర్చుని మొత్తం రాజ్యాంగాన్నే మార్చేస్తే? ఈ భయానికి పునాది 1787లోనే ఉంది. అప్పటి కాంగ్రెస్ ఫిలడెల్ఫియా సమావేశానికి, రాష్ట్రాల మధ్య అప్పటికే ఉన్న ఒప్పందాన్ని సవరించడానికి మాత్రమే అని చెప్పి ఒప్పుకుంది. రోడ్ ఐలండ్ రానే లేదు. పాత ఒప్పందాన్ని మార్చాలంటే 13 రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. వచ్చినవాళ్లు దాన్ని అవతల పెట్టి కొత్త రాజ్యాంగం రాసి, 9 రాష్ట్రాలు ఒప్పుకుంటే చాలని కూడా వాళ్లే రాసుకున్నారు. అందుకే 1788లో రెండో కన్వెన్షన్ మాట వినపడగానే, మొదటిదాంట్లో కూర్చున్న మాడిసనే, రెండోది ఎలా ముగుస్తుందో తలచుకుంటే వణుకు పుడుతోందని ఉత్తరం రాశాడు. ప్రధాన న్యాయమూర్తిగా చేసిన వారెన్ బర్గర్ 1988లో, కన్వెన్షన్ నోరు కట్టేసే మార్గమేదీ లేదని రాశాడు. న్యాయవాదుల సంఘమైన అమెరికన్ బార్ అసోసియేషన్ 1973 నాటి అధ్యయనం మాత్రం హద్దులు పెట్టవచ్చనే అంది.

నా మట్టుకు నాకు ఈ భయం సగమే సబబు. కన్వెన్షన్ హద్దు దాటవచ్చు, దాన్ని ఆపే పోలీసు లేడు. ఇండియానా లాంటి రాష్ట్రాలు 2013లోనే, తమ ప్రతినిధి హద్దు దాటితే ఓటు చెల్లదని చట్టం చేసుకున్నాయి. అది ఎంతవరకు నిలుస్తుందో చూడాల్సిందే. కానీ కన్వెన్షన్ చేసేది ప్రతిపాదన మాత్రమే. అక్కణ్ణుంచి బయటికొచ్చిన ప్రతి కాగితం 38 రాష్ట్రాల గడప తొక్కాలి. తిప్పి చెబితే, 13 రాష్ట్రాల్లో ఏదో ఒక్క సభ వద్దన్నా చచ్చిపోతుంది. పుట్టుకతో పౌరసత్వం 14వ సవరణలో ఉంది, అమెరికాలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ అనే చైనీయుల బిడ్డ కేసులో 1898లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. దాన్ని సవరణతో తీసేయాలంటే కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, ఇలినాయ్, మసాచుసెట్స్, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాలన్నీ కాదన్నా మిగతా 38 కలవాలి. ఇవాళ్టి రాజకీయాల్లో అది లెక్కకు అందదు. మీ గ్రూపులో ఆయన భయం ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం లాంటిది. ఆ పౌరసత్వాన్ని ఉత్తర్వులతో, కోర్టు తీర్పులతో కుదించే ప్రయత్నం వేరే దారి. 2025 జనవరి నాటి అధ్యక్ష ఉత్తర్వు ఆ దారిలోదే. మీకు దిగులుంటే దాన్ని కనిపెట్టుకుని ఉండండి, దీన్ని కాదు.

అయితే 38లోనూ ఒక కిటుకుంది. ఆమోదం శాసనసభల్లో జరగాలా, ఒక్కో రాష్ట్రంలో ప్రత్యేకంగా ఎన్నుకున్న సమావేశంలో జరగాలా అన్నది కాంగ్రెస్ ఇష్టం. మద్యనిషేధాన్ని ఎత్తేసిన 21వ సవరణ అలా ప్రత్యేక సమావేశాలతోనే 1933లో నెగ్గింది. మద్యనిషేధవాదుల ఒత్తిడికి లొంగే శాసనసభల్ని కాంగ్రెస్ అలా పక్కన పెట్టింది.

ఇంత చెప్పాక, జరగని దానికోసం ఇన్నేళ్లుగా ఇంత డబ్బు, ఇంత శ్రమ ఎందుకు అనిపిస్తుంది. కన్వెన్షన్ జరగకపోయినా కన్వెన్షన్ భయం పనిచేసింది, అందుకు. మొట్టమొదటి ఉదాహరణ 1789దే. వర్జీనియా దరఖాస్తు మే 5న ప్రతినిధుల సభకు వచ్చింది. జూన్ 8న మాడిసన్ తానే లేచి సవరణల జాబితా సభ ముందు పెట్టాడు. అవే తర్వాత హక్కుల పత్రం (మొదటి పది సవరణలు) అయ్యాయి. రెండో కన్వెన్షన్ వద్దనుకున్న మనిషి, దాని అవసరం లేకుండా చేశాడు. సెనేటర్లను జనం నేరుగా ఎన్నుకోవాలన్నదీ అంతే. ప్రతినిధుల సభ ఎన్నిసార్లు పంపినా సెనేట్ ఏళ్ల తరబడి తొక్కిపట్టింది. తమ కుర్చీ సంగతి కదా. రాష్ట్రాల దరఖాస్తులు గడప దాకా వచ్చాకే 1911లో కదిలింది, 1913లో 17వ సవరణ అయింది.

ఎదురుతిరిగిన ఉదాహరణ కూడా చెప్పాలి, నాకు ఇది అన్నిటికంటే ఇష్టం. 1964లో సుప్రీంకోర్టు, రాష్ట్ర శాసనసభల రెండు సభల నియోజకవర్గాలూ జనాభా ప్రకారం సమానంగా ఉండాలంది. అప్పటిదాకా చాలా రాష్ట్రాల్లో చిన్న చిన్న పల్లె నియోజకవర్గాలు మహానగరాలతో సమానంగా సీట్లు తింటుండేవి. సెనేట్‌లో రిపబ్లికన్ల నాయకుడు, ఇలినాయ్‌కు చెందిన ఎవరెట్ డర్క్‌సన్, ఈ తీర్పును తిప్పికొట్టే సవరణ కోసం కన్వెన్షన్ ఉద్యమం నడిపాడు. శాసనసభలు ఎగబడి దరఖాస్తులు పెట్టాయి. ఎందుకు పెట్టవు, ఓటేసేది ఆ తీర్పుతో సీటు పోయే సభ్యులే కదా! దేశం సరిగ్గా గమనించేసరికే ముప్పై దాటాయి. 1969కల్లా 33. ఇంకొక్కటి కావాలి. ఈలోపు తీర్పు ప్రకారం నియోజకవర్గాలు మారి, కొత్త గీతల మీద ఎన్నికలు జరిగి, పట్టణాల నుంచి కొత్త సభ్యులు వచ్చారు. వాళ్లకు ఆ తీర్పుతో పేచీ లేదు, దానివల్లే గెలిచారు. అదే ఏడాది సెప్టెంబరులో డర్క్‌సన్ చనిపోయాడు. 34వ దరఖాస్తు ఇక రాలేదు.

మన దగ్గర ఇలాంటి దారి ఉందా అని కూడా అడిగారు. లేదు. 368వ అధికరణం ప్రకారం సవరణ బిల్లు పార్లమెంటులోనే పుట్టాలి. కొన్ని రకాల సవరణలకు సగం రాష్ట్రాల ఆమోదం కావాలి, అంతవరకే. రాష్ట్రాన్ని విడదీయడానికైనా శాసనసభ అభిప్రాయం అడగాలి గానీ ఒప్పుకోలు అక్కర్లేదు. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరించాక కూడా ఫిబ్రవరిలో పార్లమెంటు పాస్ చేసింది. ఇక్కడ శాసనసభ ఒప్పుకోనిదే రాష్ట్రాన్ని చీల్చడానికి వీల్లేదు, సెనేట్‌లో రాష్ట్రం సమాన వాటాను దాని ఇష్టం లేకుండా తీసే సవరణా చెల్లదు.

ఆ పెద్దాయన మళ్లీ వస్తే వాదన పెట్టుకోకుండా తీర్మానం నంబరు అడిగి తీసుకోండి. ఒహాయో శాసనసభ వెబ్‌సైట్‌లో అది దొరుకుతుంది. ఒక పేజీ, మహా అయితే రెండు. అందులో చూడాల్సినవి: ఏ విషయాలకు పరిమితం అని రాశారు, అదే విషయం మీద ఇతర రాష్ట్రాల దరఖాస్తులతో కలిపి లెక్కించాలని రాశారా, ఫలానా తేదీలోగా 34 రాకపోతే రద్దవుతుందని గడువు పెట్టారా. గడువు లేని దరఖాస్తు మీ మనవల కాలంలోనూ ఎవరో ఒకరి తక్కెడలో ఉంటుంది. సంతకం పెట్టడమా మానడమా మీ ఇష్టం గానీ, గడువు ఎందుకు పెట్టలేదని మాత్రం ఆయన్ని అడగండి. నేను ముసాయిదా రాసిచ్చిన సభ్యులందరినీ అడిగేవాణ్ణి. ఇద్దరో ముగ్గురో పెట్టించుకున్నారు.